గడియ ఎటువైపు

పోయిన వారం మనం అక్కని ఈతకొలను గట్టు మీద, తడిసిన చెప్పులతో, చేతిలో పిన్ని ఫోనుతో నిలబెట్టి వచ్చేశాం. ఈత నేర్పే పిన్ని, మునిగిపోతున్న శిష్యురాల్ని నీళ్లలోంచి లాగి గట్టున పడుకోబెట్టింది. అంబులెన్సు కోసం ఫోను తీసింది. చెయ్యి వణికింది, ఫోను పలకలేదు. అవతలి గట్టు నుంచి అక్క పరుగెత్తుకొచ్చేలోపే పిన్ని స్క్రీన్ మూలన ఉన్న చిన్న పసుపు చుక్కని తట్టింది. అంతే, అంతవరకూ మొరాయించిన ఫోను బుద్ధిగా మాట విన్నది. అంబులెన్సు వచ్చింది, పిల్ల దగ్గి కళ్లు తెరిచింది. అందరూ పిల్ల చుట్టూ మూగితే అక్క ఒక్కతే ఆ పసుపు చుక్కని చూస్తూ ఉండిపోయింది. ఎందుకంటే ఆ ఫోను అక్క చేతుల్లో పుట్టిన ఫోను. బయటి ప్రోగ్రాము ఒక్కటి కూడా అందులోకి దూరలేదని అందరి ముందూ మాటిచ్చింది తనే.

మరి ఈ చుక్క ఎక్కణ్నుంచి ఊడిపడింది?

రాత్రంతా కంటికి కునుకు లేదు. పొద్దున్నే ఆ ఫోను పట్టుకెళ్లి పిన్ని ఫ్లాట్ బెల్ కొట్టింది. తలుపు తీసింది పిన్ని కాదు, తమ్ముడు. నోట్లో టూత్‌బ్రష్షు, భుజం మీద తువ్వాలు. అక్కని చూసి బ్రష్షు నోట్లోనే మర్చిపోయాడు.

"లోపలికి రా అక్కా," అన్నాడు చివరికి, నురగలోంచి.

అక్కకి జవాబు తెలిసిపోయింది. ఇలాంటి చుక్కలు తయారుచేసేవాడు ఈ ఇంటికి వచ్చేవాళ్లలో ఒక్కడే.

వాళ్లిద్దరూ సరిగ్గా మాట్లాడుకుని ఏళ్లయింది. నాన్న రోడ్డు పక్కన గుండె పట్టుకుని కూలబడిన రోజున ఆయన చేతిలో ఉన్నది తమ్ముడు కొనిచ్చిన ఫోను. ఏదైనా ఎక్కించుకోవచ్చు, ఎలాగైనా మార్చుకోవచ్చు అని మురిసిపోతూ వాడు దాన్నిండా ప్రోగ్రాములు నింపాడు. ఆ రోజు నాన్న వేలు పెట్టిన ప్రతిచోటా ఏదో ఒకటి తెరుచుకుంది గానీ, ఎవరికీ ఫోను మాత్రం వెళ్లలేదు. దారినపోయేవాళ్లు ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. నర్సు తెచ్చిచ్చిన ఫోనులో ఏదో ఆట తాలూకు బొమ్మ ఇంకా పళ్లికిలిస్తూనే ఉంది. అక్క ఆ బొమ్మని మర్చిపోలేదు. తమ్ముణ్ని క్షమించనూ లేదు.

ఆ కసిలోంచే ఒకే బటన్ ఫోను పుట్టింది. పెద్ద ఎర్ర బటన్. నొక్కి పట్టుకుంటే చుట్టూ వలయం నిండుతుంది, నిండగానే మీవాళ్లకి ఫోను వెళ్తుంది. దాని చుట్టూ మరి కాసిని పనులు, అవి కూడా కంపెనీ పెట్టినవే. బయటివాళ్లకి ప్రవేశం లేదు. ఫోను అంటే భయపడేవాళ్లంతా దాన్ని గుండెకి హత్తుకున్నారు. ఆఫీసులో అక్కకి 'ఒకే బటన్ మేడమ్' అన్న పేరు స్థిరపడిపోయింది.

"ఇది నువ్వేనా ఎక్కించింది?" అంది అక్క, ఫోను వాడి మొహం ముందు పెట్టి.

"నేనే."

"మా ఫోనులోకి బయటిది రావాలంటే పరీక్షల దారి ఒక్కటే ఉంది. అది కూడా మా ఇంజినీర్లు కొత్త పనులు పరీక్షించుకోడానికి పెట్టుకున్నది. కంపెనీ తాళం లేందే తెరుచుకోదు. ఆ తాళం నీకెవరిచ్చారు?"

"చెప్పను."

"దొంగతనం చేశావా?"

"ఇచ్చారు. ఎవరని మాత్రం అడక్కు."

"అడక్కుండా ఎలా ఉంటానురా? నాన్న ఫోనుతో చేసిన నిర్వాకం చాలక ఇప్పుడు పిన్ని ఫోను మీద పడ్డావా?"

 తమ్ముడు వెళ్లి నోరు పుక్కిలించి వచ్చాడు. మొహం తుడుచుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపే పట్టింది.

బాల్కనీలో ఈత దుస్తులు ఆరేస్తున్న పిన్ని లోపలికొచ్చింది. మెడలో విజిలు ఇంట్లో కూడా తియ్యదు. అమ్మ పోయాక వీళ్లిద్దర్నీ ఆ విజిలుతోనే పెంచింది.

"నా హాల్లో మీరు అరుచుకోకండి. ఈ ఇంట్లో అరిచే ఉద్యోగం నాది," అంది. "వాణ్నెందుకు నిలదీస్తావే? నేనే అడిగాను. నా చెయ్యి నన్నడక్కుండా డాన్సు నేర్చుకుంటోంది, ఏదైనా చెయ్యరా అంటే చేశాడు."

"నన్నెందుకు అడగలేదు పిన్నీ?"

"అడిగాను. రెండుసార్లు. మొదటిసారి 'నెమ్మదిగా నొక్కు పిన్నీ' అన్నావు. రెండోసారి మీటింగులో ఉన్నానన్నావు."

అక్క సోఫాలో కూలబడింది.

పిన్ని ఆమె పక్కన కూచుని, "ఏదీ, నీ చెయ్యిలా తే," అంది. పసుపు చుక్కని ఆపేసి, అక్క చెయ్యి మీద తన చెయ్యి వేసి, అక్క బొటనవేలిని ఎర్ర బటన్ మీద పెట్టింది. "నొక్కు. గట్టిగా పట్టుకో."

అక్క నొక్కింది. పిన్ని చెయ్యి వణుకుతోంది. సన్నగా, ఆగకుండా, తీగ మోగినట్టు. ఆ వణుకు అక్క మణికట్టులోంచి వేలి కొసకి దిగింది. వలయం కాస్త నిండింది, ఆగింది, మళ్లీ మొదటికొచ్చింది. నిండింది, ఆగింది. 'మళ్లీ ప్రయత్నించండి' అంది ఫోను మర్యాదగా. అక్క పళ్లు బిగించి మళ్లీ నొక్కింది. తను గీసిన బటన్, తను కొలిచిన వలయం, తన వేలు. ఫోను ఆమెనే గుర్తుపట్టలేదు.

"ఇదీ నా సంగతి," అంది పిన్ని చెయ్యి తీసేస్తూ. "నిన్న ఆ పిల్ల పెదాలు నీలంగా మారుతుంటే, ఇది నన్ను మళ్లీ ప్రయత్నించమంది."

అక్క ఫోను పక్కన పెట్టింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. గొంతులో కోపం ఉంది గానీ ఇందాకటి కోపం కాదు. "మరి పక్క కంపెనీ ఫోను కొనివ్వచ్చుగా? అందులో నీ ఇష్టమొచ్చింది ఎక్కించుకోవచ్చుగా?"

"కొనిచ్చాను. వారం వాడి నా మొహాన కొట్టింది."

"అందులో నేను దారి తప్పుతున్నానే," అంది పిన్ని. "ఒకటి నొక్కితే ఇంకోటి వస్తుంది. నీ ఫోనులో నాకు దారి తెలుసు, చెయ్యే నడవదు. వీడి చుక్క ఉంటే చెయ్యి కూడా నడుస్తుంది. నాకు రెండూ కావాలి. అత్యాశంటావా?"

"అయితే ఆ పనేదో మేమే చేస్తాం," అంది అక్క. "వణుకుని ఒక్క నొక్కుగా లెక్కేసుకునే పద్ధతి మా ఫోనులోనే పెడతాను. బయటివాళ్ల అవసరం లేదు."

"పెట్టు, చాలా మంచిది," అన్నాడు తమ్ముడు. "ఇవాళ వణుకు. రేపు వేళ్లే లేనివాళ్లు వస్తారు, ఎల్లుండి కళ్లు సగం కనబడేవాళ్లు. ఒకామె గడ్డంతో నొక్కుతుంది, ఆవిడ కోసం వాళ్లాయన సొంతంగా ప్రోగ్రాము రాసుకున్నాడు. ఎంతమందిని నువ్వు ముందే ఊహించగలవు అక్కా? ఊహించలేని వాళ్లంతా నువ్వు మీటింగులోంచి వచ్చేదాకా కూచోవాలా?"

"నువ్వు తలుపు తీస్తే లోపలికొచ్చేది నువ్వొక్కడివే కాదురా."

ఆ మాటకి వాడు వాదిస్తాడనుకుంది. వాదించలేదు. తల దించుకుని తువ్వాలు మడతపెట్టాడు.

"అవును. పోయిన నెల్లో ఆ పక్క కంపెనీ ఫోన్లలో నా చుక్కలాంటిదే ఇంకోటి బయల్దేరింది. రంగు కూడా అదే. ఎక్కించుకున్నవాళ్ల ఫోన్లలో పేర్లన్నీ ఎత్తుకుపోతోంది. కొంతమందికి నేనే ఫోన్ చేసి తీసేయించాను. అందరూ దొరకలేదు."

ఆ పక్క కంపెనీ మనిషి ఎవరైనా ఈ మాట అంటే అక్క విజయగర్వంతో నవ్వి ఉండేది. ఇప్పుడు నవ్వు రాలేదు. వాడు దాచకుండా చెప్పాడు, అదే ఆమెని ఆపేసింది.

సోఫాలో వెనక్కి వాలి, ఎదురుగా ఫ్లాట్ తలుపుని చూస్తూ ఉండిపోయింది. మామూలు తలుపు, లోపలివైపు గడియ. పిన్ని ఎవర్ని రానివ్వాలో పిన్నే తేల్చుకుంటుంది. వాచ్‌మన్ కాదు, బిల్డరు కాదు.

"తలుపుండాలి," అంది అక్క, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఒక్కటే తలుపు. మామూలుగా మూసే ఉండాలి. గడియ మాత్రం మా ఆఫీసులో కాదు, ఫోను ఎవరిదో వాళ్ల చేతిలో ఉండాలి. వాళ్లు తియ్యమంటేనే తియ్యాలి. లోపలికొచ్చినదాన్ని చూడ్డానికి ఒక్క చోటు, గెంటెయ్యడానికి ఒక్క నొక్కు. అర్థంకాని ప్రశ్నలు పది అడగడం కాదు, అర్థమయ్యే ప్రశ్న ఒకటి."

తమ్ముడు తలెత్తాడు. "చెయ్యగలవా?"

"నువ్వు కూచుంటే చెయ్యగలను."

"మీవాళ్లు ఒప్పుకుంటారా?"

అక్క గోడ గడియారం వైపు చూసింది. ఎందుకంటే ఆ మధ్యాహ్నమే ఆ పరీక్షల దారిని కూడా శాశ్వతంగా మూసేసే మార్పు, అమ్ముడైన ప్రతి ఫోనుకీ వెళ్లబోతోంది. అది వెళ్తే పిన్ని ఫోనులో పసుపు చుక్క చచ్చిపోతుంది. దాన్ని పంపడానికి ఒప్పుకోవలసిన మొదటి మనిషి అక్కే. ఆ మార్పు కావాలని ఆర్నెల్లుగా పోరు పెట్టింది కూడా ఆమే.

చెప్పులేసుకుంటుంటే పిన్ని గుమ్మం దాకా వచ్చింది. "నా కోసమని ఉద్యోగం మీదకి తెచ్చుకోకు," అంది. మళ్లీ ఆగి, "తెచ్చుకున్నా పర్లేదులే. ఈత నేర్పడానికి నాకో మనిషి కావాలి," అంది.

ఆఫీసులో తన గదిలోకి అడుగుపెట్టేసరికి తాళాల సార్ అప్పటికే కూచుని ఉన్నాడు. కంపెనీ ఫోన్లలోకి దొంగలు దూరకుండా కాపలా కాసే విభాగానికి పెద్ద. నవ్వడం ఆయన పద్ధతుల్లో లేదు. పరీక్షల తాళాలు ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో తేల్చేది కూడా ఆయనే. అక్కకి ఆయనంటే గౌరవం. ఇన్నేళ్లుగా తలుపులు మూయాలన్న ప్రతి వాదనలోనూ ఆమె పక్కన నిలబడ్డవాడు.

"తలుపు వేస్తారా మేడమ్," అన్నాడు.

అక్క వేసింది. "సార్, మీతోనే మాట్లాడాలి. మన తాళం ఒకటి బయటికి పోయింది."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

ఆయన కోటు జేబుల్లోంచి రెండు చేతులూ తీసి బల్ల మీద పెట్టాడు. అవి వణుకుతున్నాయి. పిన్ని చెయ్యి కంటే ఎక్కువగా. బల్ల మీదున్న పెన్ను కదిలి టకటకలాడింది. ఆయన ఆ చేతుల్ని ఎవరివో చూసినట్టు చూశాడు.

"ఇచ్చింది నేనే," అన్నాడు. "మీ తమ్ముడని అప్పుడు తెలీదు. వణికే చేతులకి ప్రోగ్రాము రాసిన కుర్రాడున్నాడని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. ఉత్తరప్రత్యుత్తరాలు కూడా లేవు, నేరుగా వెళ్లి కలిశాను. మన ఫోనుకి కూడా చెయ్యవయ్యా అని అడిగాను. చెయ్యాలంటే తాళం కావాలన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఎవరికీ ఇవ్వని మనిషిని. ఇచ్చాను. మా ఆవిడకి ఫోన్ చేసుకోలేకపోయాను మేడమ్, అందుకిచ్చాను."

అక్క కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూచుంది.

"ఎండీ గారికి చెబుదాం సార్. ఇద్దరం కలిసి."

"వద్దు." ఆయన చేతులు మళ్లీ జేబుల్లోకి పోయాయి. "నాకింకా ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు. కాపలావాడే తాళం బయటికిచ్చాడని తెలిస్తే ఈ ఊళ్లో నాకెవరూ ఉద్యోగమివ్వరు. మీరు ఇవాళ ఒప్పేసుకోండి. దారి మూసుకుపోతుంది, తాళం సంగతి కూడా దానితోపాటే సమాధి అయిపోతుంది. నేనెలాగో సర్దుకుంటాను."

"మా పిన్ని?"

ఆయన బల్ల మీది పెన్నుని మోచేత్తో పక్కకి జరిపాడు.

"మీ పేరు నా నోటి నుంచి రాదు," అంది అక్క. "కానీ నేను ఒప్పుకోను సార్."

"మీరు ఒప్పుకోకపోతే ఎందుకని అడుగుతారు. తవ్వుతారు."

"తవ్వనివ్వండి. నా దగ్గరే తవ్వమంటాను."

మీటింగు గదిలో పొడవాటి బల్ల, చివరన ఎండీ గారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు, ఆ అవసరం రాదు. పక్కన తాళాల సార్. బల్ల మధ్యలో కంపెనీ ఫోను, స్క్రీన్ నిండా ఎర్ర బటన్. ఇక్కడ ఏ నిర్ణయమైనా కాయితం మీద కాదు, ఆ బటన్ నొక్కి పట్టుకుంటేనే. మన ఫోనునే మనం నమ్మకపోతే ఎలా అని ఎండీ గారు పెట్టిన ఆనవాయితీ.

"కానివ్వండి మేడమ్," అన్నాడు ఫోనుని ఆమె వైపు జరిపి. "మీరు కలగన్న రోజు."

"ఇవాళ వద్దండీ," అంది అక్క.

ఎండీ గారు తను సరిగ్గా విన్నాడా అన్నట్టు చూశాడు.

నిన్న కొలను దగ్గర జరిగింది అక్క చెప్పింది. పసుపు చుక్క సంగతీ దాచలేదు. తాళం ఎవరిచ్చారో తప్ప అన్నీ చెప్పింది. పొద్దున తను ఆలోచించిన తలుపు గురించి చెప్పింది. గడియ ఫోను మనిషి చేతిలో ఉండటం ఎలాగో, పేర్లు ఎత్తుకుపోయేదాన్ని గుమ్మంలోనే ఎలా ఆపొచ్చో బోర్డు మీద గీసి చూపించింది.

ఎండీ గారు ఓపిగ్గా విన్నాడు. "ఈ గదిలో నిలబడే కదా మీరన్నారు, ప్రతి తలుపూ ఒక కన్నమేనని?"

"అన్నాను."

"తప్పా?"

"సగం. మూసేస్తే దొంగ రాడు, నిజమే. లోపలున్న మనిషికి ఊపిరాడకపోతే వచ్చి తీసేవాడూ ఉండడు. మనం సులువుగా చేశామనుకున్నాం. మనలాంటి చేతులున్నవాళ్లకే సులువుగా చేశాం. నాకు మూడు నెలలివ్వండి. ఫోను ఇంతే సులువుగా ఉంటుంది, తలుపూ ఉంటుంది. కుదరకపోతే నేనే వచ్చి మూస్తాను."

"పోటీ కంపెనీ మూడు నెలలు నిద్రపోతుందా? మన ఫోన్లు కొనేదే అందులో ఏదీ దూరదని. ఇవాళ తలుపుందని చెబితే ఆ ఫోనుకీ మన ఫోనుకీ తేడా ఏముంది?" ఆయన గొంతులో కోపం లేదు, అదే కష్టం. "మీ పిన్నిగారికి మంచి డాక్టర్ని చూద్దాం. తాళం సంగతి తర్వాత విచారిద్దాం. ఇప్పుడు బటన్ నొక్కండి."

"నేను నొక్కనండీ."

"సరే," అన్నాడు ఎండీ గారు. ఫోనుని పక్కకి జరిపాడు. "మీ తర్వాత ఆ అధికారం ఈయనది, ఆ తర్వాత నాది. కానివ్వండి సార్."

తాళాల సార్ కదల్లేదు. చేతులు కోటు జేబుల్లోనే ఉన్నాయి.

 ఈ ఒక్కటి అక్క ఊహించలేదు. ఆ బటన్‌ని ఆయన నొక్కి పట్టుకోలేడు. నొక్కనంటే ఎందుకని అడుగుతారు, నొక్కితే ఆ వణుకు అందరికీ కనబడుతుంది, తాళం ఎవరిచ్చారో తెలిసిపోతుంది.

"సార్?" అన్నాడు ఎండీ గారు.

తాళాల సార్ ఒక్కసారి అక్క వైపు చూశాడు. కుడిచెయ్యి బయటికి తీసి బొటనవేలు బటన్ మీద పెట్టాడు. వలయం కొంచెం నిండి మొదటికొచ్చింది. మళ్లీ నిండి, మళ్లీ మొదటికి. చెయ్యి బల్లకి తగులుతూ చప్పుడు చేస్తోంది. గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. 'మళ్లీ ప్రయత్నించండి' అంది ఫోను.

ఎండీ గారు ఆ చెయ్యిని చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో ఏదో మెత్తబడింది. అక్కకి ఒక్క క్షణం ఆశ పుట్టింది. కానీ ఆయన నెమ్మదిగా ఫోనుని తన ముందుకి లాక్కున్నాడు.

"క్షమించండి," అన్నాడు, ఇద్దరిలో ఎవరితో అన్నాడో తెలీకుండా. "ఇది ఆగడానికి వీల్లేదు."

తన బొటనవేలు బటన్ మీద పెట్టాడు. ఆ వేలు రాయిలా ఉంది. వలయం పావు నిండింది, సగం దాటింది.

అక్క లేచి, బల్ల మీదకి ఒంగి, ఎడమ అరచేతిని ఫోను మీద పరిచేసింది. స్క్రీన్ మీద రెండో చెయ్యి పడితే ఏ పనైనా ఆగిపోవాలన్నది ఆమె పెట్టిన నియమమే. వలయం, చివర కొంచెం ఖాళీ మిగిలుండగా, నిలిచిపోయింది.

"చెయ్యి తియ్యండి మేడమ్," అన్నాడు ఎండీ గారు. ఆయన గొంతు పెంచడం ఆ గదిలో అదే మొదటిసారి.

"తియ్యను," అంది అక్క.

ఆమె అరచేతి పక్కనే, వణుకుతూ, ఇంకో చెయ్యి వచ్చి ఫోను మీద పడింది.